ఉష్ణప్రియ బాక్టీరియా పొడి చల్లితే డంపింగ్ యార్డులోని ప్లాస్టిక్ కరుగుతుందా?

ఒక పురపాలక సంఘంలో కౌన్సిలరుగా ఉన్న మిత్రులు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. వేడినీటి బుగ్గల్లోనూ, అంటార్కిటికా మంచులోనూ, సముద్రగర్భంలోనూ బతికే సూక్ష్మజీవులు ప్లాస్టిక్‌ను తినేస్తున్నాయని వారు పత్రికల్లో చదివారు. ఇంతలో ఒక సంస్థవారు వచ్చి, అటువంటి బాక్టీరియా పొడిని నీళ్లలో కలిపి డంపింగ్ యార్డుపై చల్లితే ఆరు నెలల్లో ప్లాస్టిక్ అంతా మట్టిలో కలిసిపోతుందని ప్రతిపాదన పెట్టారు. దానిని కౌన్సిల్‌లో ఆమోదించవచ్చా, ఆ బాక్టీరియా తరువాత ఊళ్లోకి వచ్చి మంచినీటి పైపులను, ట్యాంకులను కూడా తినేయదా, మన మణుగూరు వైపు వేడినీటి బుగ్గల్లో ఇలాంటివి దొరకవా అన్నవి వారి సందేహాలు.

ఆమోదించవద్దన్నదే నా సమాధానం. మీరు చదివిన వార్తలు అబద్ధాలు కావు. అయితే ఆ వార్తల్లో చెప్పుకోదగ్గ వేగంతో పని జరిగినది దాదాపుగా ఒకే ఒక రకం ప్లాస్టిక్‌పై, అంటే నీళ్ల సీసాలు తయారుచేసే పెట్ అనే పాలిస్టర్‌పై. అది కూడా సీసాను సీసాగా వేసి కాదు. ముందుగా కరిగించి, వెంటనే చల్లార్చి, మెత్తగా పొడి చేసి, 65 నుంచి 72 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న నీటి ట్యాంకులో వేసిన తరువాత జరిగిన పని. ఆ పని చేసినది కూడా బతికున్న బాక్టీరియా కాదు, దాని జన్యువు ఆధారంగా ప్రయోగశాలలో తయారుచేసి మెరుగుపరచిన ఎంజైము, అంటే రసాయన చర్యను నడిపించే ప్రొటీన్. మీ యార్డులో ఈ షరతులలో ఒక్కటీ నెరవేరదు.

నేను చాలా కాలంగా కంపోస్టులో పెరిగే ఉష్ణప్రియ సూక్ష్మజీవుల ఎంజైములపై పనిచేస్తున్నాను. మునిసిపాలిటీల నుంచి, అపార్ట్‌మెంటు సంఘాల నుంచి ఇదే ప్రశ్న వేర్వేరు రూపాల్లో తరచుగా వస్తుంటుంది కనుక కొంచెం వివరంగానే రాస్తాను.

మొదట ప్లాస్టిక్ సంగతి. అన్ని ప్లాస్టిక్‌లనూ ఒకే పేరుతో పిలవడం వల్లనే ఈ విషయంలో సగం గందరగోళం పుడుతోంది. పెట్, పాలీయురిథేన్ ఫోము, నైలాన్ వంటి వాటి పొడవాటి అణుగొలుసులో అక్కడక్కడా ఎస్టర్, అమైడ్ వంటి బంధాలు ఉంటాయి. నీటి అణువును జొప్పించి ఆ బంధాన్ని తెంచగలిగే ఎంజైములు ప్రకృతిలో కోట్ల ఏళ్లుగా ఉన్నాయి. మొక్కల ఆకులపై నీరు నిలవకుండా కాపాడే పైపొరలో క్యూటిన్ అనే పదార్థం ఉంటుంది. అదీ ఒక రకం పాలిస్టరే. రాలిన ఆకును కుళ్లబెట్టే బాక్టీరియా, బూజు ఆ క్యూటిన్‌ను తెంచడానికి క్యూటినేజ్ అనే ఎంజైమును విడుదల చేస్తాయి. మనిషి పెట్‌ను తయారుచేసినది నిన్నమొన్ననే అయినా, ఆకును తెంచే పనిముట్టు దానిపై కూడా కొంతవరకు పనిచేయడం ఇందువల్లనే.

పాలిథీన్ కవర్లు, పాల ప్యాకెట్లు, పాలీప్రొపిలీన్ సంచులు, థర్మాకోల్ సంగతి పూర్తిగా వేరు. వీటి వెన్నెముక మొత్తం కార్బన్‌కు కార్బన్ అతుక్కున్న గొలుసే. నీటితో తెంచడానికి అందులో పట్టు దొరికే చోటు ఎక్కడా లేదు. ముందు ఆక్సీకరణ జరిగి గొలుసులో ఆక్సిజన్ చేరాలి, ఆ తరువాతే ఏ సూక్ష్మజీవి అయినా దానిపై నోరు పెట్టగలదు. ఆ మొదటి పనిని ప్రకృతిలో ప్రధానంగా చేసేది ఎండలోని అతినీలలోహిత కిరణాలే. 2024లో నెదర్లాండ్స్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన శాస్త్రవేత్తల బృందం ఉత్తర పసిఫిక్‌లో తేలుతున్న చెత్త నుంచి పారెంగ్యోడోంటియమ్ ఆల్బమ్ అనే బూజును వేరుచేసి, అది పాలిథీన్‌ను కార్బన్ డయాక్సైడుగా మార్చగలదని నిరూపించింది. ప్రయోగశాలలో దాని వేగం రోజుకు సుమారు 0.05 శాతం, అంటే 20 రోజులకు ఒక శాతం. అది కూడా ముందుగా అతినీలలోహిత కాంతి పడిన పాలిథీన్‌పై మాత్రమే. పది అడుగుల లోతున పూడిపోయిన కవరుకు ఎండ ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక వేడి సంగతి. వేడిని ఇష్టపడే బాక్టీరియాకే పరిశోధకులు ఎందుకు ఎగబడతారంటే, చాలామంది ‘వేడిలో రసాయన చర్యలు వేగంగా జరుగుతాయి కనుక’ అంటారు. అది నిజమే గాని, అసలు కారణం అది కాదు. ఆ వేడి అవసరం బాక్టీరియాది కాదు, ప్లాస్టిక్‌ది. పెట్ గొలుసులు గది ఉష్ణోగ్రత వద్ద కదలకుండా బిగుసుకుపోయి ఉంటాయి. నీటిలో సుమారు 65 డిగ్రీలు దాటిన తరువాతే, స్ఫటికంగా గడ్డకట్టని భాగాల్లోని గొలుసులు వదులై కదలడం మొదలుపెడతాయి. దీనినే గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత అంటారు. చలికాలంలో రాయిలా బిగిసిన బెల్లం అచ్చుపై ఎంత పదునైన కత్తి అయినా జారిపోతుంది, కాస్త వెచ్చబడితే అదే కత్తి సులువుగా దిగుతుంది. ఎంజైముకు పెట్‌తో ఉన్న పేచీ సరిగ్గా అదే. గొలుసు కాస్త పైకి లేచి ఎంజైము గాడిలోకి ఒదిగితే తప్ప తెంపు పడదు.

అలాగని వేడిని ఇంకా పెంచుకుంటూ పోవడానికీ లేదు. 72, 75 డిగ్రీలు దాటుతున్నకొద్దీ వదులైన గొలుసులు మళ్లీ వరుసలు కట్టి స్ఫటికాలుగా మారడం వేగమందుకుంటుంది, అప్పుడు ఎంజైముకు మళ్లీ చోటు దొరకదు. అంటే పని జరగడానికి ఉన్న కిటికీ చాలా ఇరుకు. ఆ ఇరుకు కిటికీలో గంటల తరబడి విరిగిపోకుండా నిలబడే ప్రొటీన్ కావాలి. మామూలు బాక్టీరియా ఎంజైములు అంత వేడిలో ఉడికిన గుడ్డు తెల్లసొనలాగే గడ్డకట్టి పనికిరాకుండా పోతాయి. ఉష్ణప్రియ జీవుల ప్రొటీన్లు నిలబడతాయి. తీవ్రమైన పరిసరాల నుంచి మనకు దక్కినది ఆ నిలకడే, ‘ప్లాస్టిక్‌ను తినే ఆకలి’ కాదు.

ఈ తేడా చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. 2016లో జపాన్ పరిశోధకులు సకాయ్ నగరంలోని పెట్ సీసాల రీసైక్లింగ్ కేంద్రం వద్ద సేకరించిన నమూనాల నుంచి ఇడియోనెల్లా సకాయెన్సిస్ అనే బాక్టీరియాను కనుగొన్నట్లు ప్రకటించారు. అది నిజంగా పెట్‌ను ఆహారంగా వాడుకుంటుంది, ప్రపంచమంతా దాని పేరు మారుమోగింది. కానీ అది 30 డిగ్రీల వద్ద పనిచేసే మామూలు జీవి. పలచటి పెట్ పొరను తినడానికి దానికి 6 వారాలు పట్టింది. ఆ పొరలో స్ఫటిక భాగం 2 శాతం లోపే. మనం తాగి పారేసే సీసాలో అది 30 శాతం, అంతకు మించి కూడా ఉంటుంది. పేరు సకాయెన్సిస్‌కు వచ్చింది గాని, పరిశ్రమ వెళ్లినది వేరే దారిలో.

ఆ దారి కంపోస్టు కుప్పలోంచి వెళ్లింది. వేడినీటి బుగ్గల బొమ్మలు పత్రికల్లో అందంగా కనిపిస్తాయి, అంతే. మా వృత్తిలో ఉన్నవారికి అసలైన గని ఆకులు, కొమ్మలు కుళ్లుతున్న కుప్పే. దానిని ‘తీవ్ర పరిసరం’ అంటే నమ్మబుద్ధి కాదు గాని, బాగా కట్టిన కుప్ప లోపల 60 డిగ్రీలు దాటడం మామూలే, ఒక్కొక్కసారి 70కి కూడా చేరుతుంది. డిసెంబరు తెల్లవారుజామున కుప్పను పారతో తిరగేస్తే ఆవిరి ముఖానికి కొడుతుంది, లోపలికి చేయి పెట్టి ఉంచలేము. పైనుంచి ఒక జానెడు లోతున, బూడిద చల్లినట్లు తెల్లటి పొడిపొర కనిపిస్తుంది. చాలామంది దానిని బూజు అనుకుంటారు. అందులో ఎక్కువ భాగం ఆక్టినోమైసీట్స్ అనే పోగుల బాక్టీరియా. థర్మోబిఫిడా ఫస్కా ఈ కోవకు చెందినదే. దాని ఎంజైముతో 55 డిగ్రీల వద్ద, తక్కువ స్ఫటికత్వం ఉన్న పెట్ బరువులో సుమారు సగం 3 వారాల్లో తగ్గిందని 2005లోనే జర్మనీలో చూపించారు.

2012లో జపాన్‌లోని ఒసాకా పరిశోధకులు అక్కడి ఎక్స్‌పో పార్కులోని ఆకు, కొమ్మల కంపోస్టు నుంచి నేరుగా డీఎన్‌ఏను వెలికితీసి, అందులో ఒక క్యూటినేజ్ జన్యువును పట్టుకున్నారు. దానిని ఎల్‌సీసీ అంటారు. ఇందులో గమనించవలసినదేమిటంటే, వారు బాక్టీరియాను పెంచి దాని నుంచి ఎంజైము తీయలేదు, కంపోస్టులోని మొత్తం డీఎన్‌ఏలో నుంచి జన్యువును ఏరి, ప్రయోగశాలలో సులువుగా పెరిగే వేరే బాక్టీరియాలో పెట్టి ఎంజైమును తయారు చేయించారు. ఫ్రాన్సుకు చెందిన కార్బియోస్ సంస్థ, తులూజ్ పరిశోధకులు కలిసి ఆ ఎల్‌సీసీలో నాలుగు చోట్ల అమైనో ఆమ్లాలను మార్చి, 2020లో ఫలితాన్ని ప్రచురించారు: 72 డిగ్రీల వద్ద, గ్రాము పెట్‌కు 3 మిల్లీగ్రాముల ఎంజైముతో, 10 గంటల్లో 90 శాతం పెట్ దాని మూల పదార్థాలుగా విడిపోయింది. 2022లో జర్మనీలోని లైప్‌జిగ్ పరిశోధకులు ఒక శ్మశానవాటిక కంపోస్టులో దొరికిన పీహెచ్‌ఎల్‌7 అనే ఎంజైముతో, పండ్ల ప్యాకింగుకు వాడే పెట్ డబ్బాలను 70 డిగ్రీల వద్ద 24 గంటల లోపే దాదాపు అంతే స్థాయిలో విడగొట్టారు. ఆ పండ్ల డబ్బాలపై ఎంజైము పనిచేయడానికి కారణం అవి మొదటి నుంచీ స్ఫటికత్వం లేని పెట్‌తో తయారు కావడమే.

ఇక్కడ ఒక్క విషయంపై కొంచెం ఆగాలి. ఆ 90 శాతం అన్న అంకెను చూసి సీసాను ట్యాంకులో పడేస్తే పది గంటల్లో మాయమవుతుందనుకుంటారు. ట్యాంకుకు ముందు చాలా తతంగం ఉంది. సీసాలను ఏరి, కడిగి, ముక్కలు చేసి, 250 డిగ్రీలు దాటిన వేడిలో కరిగించి, స్ఫటికాలు కట్టే వ్యవధి ఇవ్వకుండా చటుక్కున చల్లార్చి, పొడి చేయాలి. చర్య మొదలైన తరువాత పెట్ మూల పదార్థాల్లో ఒకటైన టెరెఫ్తాలిక్ ఆమ్లం పుట్టుకొస్తూ ద్రావణాన్ని పులుపెక్కిస్తుంది. అలా వదిలేస్తే ఎంజైము పనిచేయదు కనుక నిరంతరం కాస్టిక్ సోడా కలుపుతూ ఉండాలి. చివర ఆమ్లాన్ని వేరుచేసేటప్పుడు సోడియం లవణం కుప్పగా మిగులుతుంది, దానిని ఏం చేయాలన్నది మరో ఖర్చు. కార్బియోస్ 2021లో క్లెర్మాన్ ఫెరాన్‌లో ప్రదర్శన కర్మాగారాన్ని ప్రారంభించింది. లాంగ్లావిల్‌లో ఏడాదికి 50,000 టన్నుల సామర్థ్యంతో తలపెట్టిన పెద్ద కర్మాగారం నిర్మాణం మాత్రం నిధుల సమీకరణలో జాప్యం వల్ల వాయిదా పడింది. ప్రపంచంలో అందరికంటే ముందున్న పద్ధతి పరిస్థితే ఇది. దీనిని సంచిలో నింపి చల్లే పొడిగా ఊహించడం కష్టం.

చల్లటి ప్రదేశాల సంగతి కూడా అడిగారు కనుక చెబుతాను. అంటార్కిటికా సముద్ర జలాల్లోని మొరాక్సెల్లా జాతి బాక్టీరియా ఒకదాని ఎంజైము 25 డిగ్రీల వద్ద స్ఫటికత్వం లేని పెట్‌ను తెంచగలదని 2022లో ప్రచురించారు. శాస్త్రపరంగా అది ముచ్చటైన ఫలితం, ఎందుకంటే చలిలో పనిచేసే ఎంజైములకు వంగే గుణం ఎక్కువ, బిగిసిన గొలుసును అందుకోవడానికి ఆ గుణం ఎంతవరకు పనికొస్తుందో దానితో తెలుస్తుంది. కానీ వేగం విషయంలో 70 డిగ్రీల ఎంజైములకు పోటీ కాదు. కాలిఫోర్నియా సింధుశాఖ అడుగున గ్వాయ్మాస్ బేసిన్ అనే చోట ఉన్న వేడి బిలాల వద్ద దొరికిన ఆర్కియా (బాక్టీరియాలా కనిపించే వేరే వర్గం సూక్ష్మజీవులు) జన్యువు నుంచి తయారుచేసిన పెట్46 అనే ఎంజైమును 2023లో ప్రకటించారు. ఆర్కియా వర్గం నుంచి వచ్చిన వాటిలో పెట్‌ను తెంచేది అదే మొదటిది. అదీ మళ్లీ పెట్ పైనే, 70 డిగ్రీల దగ్గరే.

ఈ వరుసలో నాకు అన్నిటికంటే నిజాయితీగా అనిపించే పని స్విట్జర్లాండ్ పరిశోధకులది. వారు ఆల్ప్స్ పర్వతాలు, గ్రీన్‌లాండ్, స్వాల్బార్డ్ నేలల నుంచి 34 రకాల బాక్టీరియా, బూజులను తీసి 15 డిగ్రీల వద్ద నాలుగు రకాల పదార్థాలపై పరీక్షించి 2023లో ప్రచురించారు. వాటిలో 19 రకాలు పాలీయురిథేన్‌ను, 17 రకాలు కంపోస్టు సంచులకు వాడే ప్లాస్టిక్ మిశ్రమాలను కొంతవరకు అరిగించాయి. పాలిథీన్‌ను 126 రోజుల తరువాత కూడా ఒక్కటీ తాకలేదు. వార్తల్లో ‘ఆర్కిటిక్ బూజు ప్లాస్టిక్‌ను తింటుంది’ అని వచ్చినది ఈ అధ్యయనం గురించే. ఆ చివరి వాక్యం మాత్రం చాలా చోట్ల రాలేదు.

ఇప్పుడు మీ యార్డుకు వద్దాం. అక్కడ ఉన్న ప్లాస్టిక్ ఏమిటో ఒకసారి దగ్గర నుంచి చూడండి. నీళ్ల సీసాలకు పాత సామాన్ల కొట్టులో ధర ఉంది కనుక, చెత్త ఏరుకునేవారు వాటిని యార్డు దాకా రానివ్వరు, వచ్చినవాటిని ఆ రోజే ఏరుకుపోతారు. ఆ సీసాల మూతలు కూడా పెట్ కాదు, పాలిథీనో పాలీప్రొపిలీనో. చివరకు కుప్పలో మిగిలేది పలచటి కవర్లు, కూర అంటిన పార్సిల్ సంచులు, షాంపూ, గుట్కా, చిప్స్ ప్యాకెట్లు, చిరిగిన గోతాలు. చిప్స్ ప్యాకెట్ అంటే పాలీప్రొపిలీన్ పొరలపై అల్యూమినియం పూత. షాంపూ ప్యాకెట్‌లో పెట్ పొర ఉన్నా అది పాలిథీన్‌కు, లోహపు పొరకు అతుక్కుని ఉంటుంది. సూక్ష్మజీవి శాస్త్రం పరిష్కారం చూపిన ఒక్క ప్లాస్టిక్‌ను తుక్కు వ్యాపారం ముందే తీసేసుకుంది. మీ దగ్గర మిగిలినదంతా సూక్ష్మజీవులు తాకలేనిదే. పెట్ రకం చెత్తలో ఏరడానికి ఎవరూ ముందుకు రానిది ఒకటుంది: పాత పాలిస్టర్ చీరలు, చొక్కాలు. అవి కూడా రసాయనికంగా పెట్ ప్లాస్టికే గాని, పోగులను సాగదీసి వడకడం వల్ల స్ఫటికత్వం బాగా ఎక్కువ, పైగా రంగులు, నూలు కలిసి ఉంటాయి. ముందుగా కరిగించి చల్లార్చనిదే ఎంజైము వాటిపై పెద్దగా పనిచేయదు.

మరి ఆ సంస్థవారు చూపించిన ‘ముందు, తరువాత’ ఫొటోల మాటేమిటి? అవి బూటకం కాకపోవచ్చు. కొన్నేళ్ల క్రితం ఇలాంటి ప్రతిపాదనే వచ్చిన ఒక పట్టణానికి మమ్మల్ని సలహా కోసం పిలిచారు. చల్లిన కుప్ప ఎత్తు నిజంగానే బాగా తగ్గింది, వాసన తగ్గింది, ఈగలు తగ్గాయి. అధికారులు సంతోషంగానే ఉన్నారు. మేము ఆ కుప్పలో కొంత భాగాన్ని జల్లెడ పట్టించి, ప్లాస్టిక్‌ను వేరుచేసి, కడిగి, ఆరబెట్టి తూచాము. పొడి చల్లని పక్క కుప్పలోనూ అంతే చేశాము. ఇప్పుడు మిగిలిన టన్ను చెత్తకు కాదు, పూడ్చిన చెత్త మొదటి బరువుకు లెక్కగట్టి చూస్తే రెండింటిలోనూ ప్లాస్టిక్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు. తగ్గినదంతా కూరగాయల తొక్కలు, అన్నం, ఆకులు. అంటే వారు చల్లినది తడి చెత్తను త్వరగా మాగబెట్టే మామూలు కంపోస్టు కల్చరు. పాత డంపింగ్ యార్డులను తవ్వి శుభ్రం చేసే బయోమైనింగ్ పనుల్లో ఇలాంటి కల్చరును వాడడం పద్ధతిలో ఉన్నదే, అది తప్పు కాదు. కానీ కుప్ప కుంగిందంటే ప్లాస్టిక్ పోయిందని కాదు. పైగా తడి చెత్త మాగిపోయిన తరువాత కుప్పలో ప్లాస్టిక్ వాటా శాతంలో పెరుగుతుంది.

ప్రయోగశాల నివేదికలు తెచ్చి చూపితే ఎలా చదవాలన్నది మరో చిక్కు. పళ్లెంలో పాలలాంటి తెల్లటి పాలిమర్ ద్రావణం కలిపి, దానిపై బాక్టీరియాను పెంచి, చుట్టూ స్పష్టమైన వలయం ఏర్పడిన ఫొటో చూపిస్తారు. చూడడానికి చాలా నమ్మకంగా ఉంటుంది; మా విద్యార్థులు మొదటిసారి ఆ వలయాన్ని చూసి గంతులేస్తారు. కానీ అంత సన్నటి రేణువులుగా చేసిన పాలిస్టర్, పాలీయురిథేన్ ద్రావణాన్ని కొవ్వును తెంచే మామూలు ఎంజైములు కూడా తేటపరుస్తాయి. దానితో అసలు వస్తువు కరుగుతుందని అర్థం కాదు. బరువు తగ్గిందంటారు, ప్లాస్టిక్‌లో కలిపిన మెత్తదనపు రసాయనాలు, చిన్న గొలుసులు కారిపోయినా బరువు తగ్గుతుంది, పెద్ద గొలుసు అలాగే ఉంటుంది. పరారుణ వర్ణపటంలో (వస్తువు ఏ పరారుణ కిరణాలను పీల్చుకుంటుందో చూపే గీతలో) 1650 దగ్గర కొత్త శిఖరం వచ్చింది కనుక పాలిథీన్ ఆక్సీకరణ చెందిందంటారు. సరిగా కడగని ముక్కపై అంటుకున్న బాక్టీరియా ప్రొటీన్ కూడా సరిగ్గా అక్కడే శిఖరాన్ని ఇస్తుంది. నేను నమ్మేవి రెండు రకాల సాక్ష్యాలు. పెట్ అయితే విడుదలైన టెరెఫ్తాలిక్ ఆమ్లాన్ని కొలిచి చూపాలి. పాలిథీన్ అయితే కార్బన్-13 (మామూలు కార్బన్ కంటే కాస్త బరువైన రూపం)తో గుర్తుపెట్టిన ప్లాస్టిక్‌ను వాడి, ఆ కార్బన్ బాక్టీరియా వదిలిన కార్బన్ డయాక్సైడులో కనిపించినట్లు చూపాలి. మొదట చెప్పిన సముద్రపు బూజు అధ్యయనం విలువ అక్కడే ఉంది.

పైపులు, ట్యాంకుల భయం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మన నీటి ట్యాంకులు పాలిథీన్, పైపులు పీవీసీ లేదా పాలిథీన్. రెండింటిలోనూ తెంచడానికి ఎస్టర్ బంధాలు లేవు. 60 డిగ్రీల దగ్గర హాయిగా పెరిగే బాక్టీరియా 30 డిగ్రీల నీటిలో దాదాపుగా పెరగదు. ఆ పొడితో ఊరికి నష్టం ఉంటే అది ఖజానాకే.

మణుగూరు, పగిడేరు ప్రాంతంలో నేల నుంచి వేడినీరు వస్తున్న మాట నిజమే, అందులో ఉష్ణప్రియ బాక్టీరియా ఉంటుంది కూడా. వేడినీటి బుగ్గల నుంచి పెద్ద లాభం పొందిన ఉదాహరణ మన కళ్లముందే ఉంది: అమెరికాలోని యెల్లోస్టోన్ బుగ్గల్లో థామస్ బ్రాక్ కనుగొన్న థర్మస్ అక్వాటికస్ అనే బాక్టీరియా ఎంజైమే నేటి పీసీఆర్ పరీక్షలకు ఆధారం. కానీ పాలిస్టర్‌ను తెంచే ఎంజైము కోసం వెదికేవారు ఆకులు ఎక్కడ వేడిగా కుళ్లుతున్నాయో అక్కడికి ముందు వెళ్లాలన్నది నా అభిప్రాయం, ఎందుకంటే క్యూటిన్ లేని చోట క్యూటినేజ్ అవసరం బాక్టీరియాకు ఉండదు. విశ్వవిద్యాలయ విద్యార్థులెవరైనా చదువుతుంటే, బుగ్గలకు ప్రయాణం పెట్టుకునే ముందు మీ ఊరి పార్కులోని ఆకుల కుప్పలో ఉష్ణమాపకం గుచ్చి చూడండి.

‘కంపోస్టబుల్’ సంచులపై కూడా ఒక మాట, దీనికి దగ్గరి సంబంధమే కనుక. ఐఎస్ 17088 ప్రమాణం కింద ధ్రువీకరణ పొందిన సంచులను పరీక్షించేది సుమారు 58 డిగ్రీల కంపోస్టులో. వాటిలో వాడే పాలీలాక్టిక్ ఆమ్లం గొలుసులు వదులయ్యేది కూడా 55 నుంచి 60 డిగ్రీల మధ్యే. పెరటి గుంతలో వేసి అలాగే ఉండిపోయిందని చాలామంది ఫిర్యాదు చేస్తారు. గుంత అంత వేడెక్కకపోతే అది ఉండిపోతుంది. సరిగా కట్టిన పెద్ద కుప్పలో వేస్తే పోతుంది.

ఇంత చెప్పినా కౌన్సిల్‌లో మీపై ఒత్తిడి ఉండవచ్చు, ‘ప్రయత్నిస్తే పోయేదేముంది’ అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు వాదనకు దిగకుండా ఒక చిన్న పరీక్షను షరతుగా పెట్టండి. పాల ప్యాకెట్లను కత్తిరించి, 10 సెంటీమీటర్ల చతురస్రాలు 20 తయారుచేసి, సబ్బునీటితో కడిగి, నీడన బాగా ఆరబెట్టి, నగల దుకాణంలో వాడే త్రాసుపై తూచండి. ప్యాకెట్ మందం 50 మైక్రాన్లయితే ఒక్కో ముక్క సుమారు 0.46 గ్రాములు, 20 కలిపి 9 గ్రాముల పైచిలుకు వస్తుంది. వాటిని నైలాన్ దోమతెర గుడ్డతో కుట్టిన సంచిలో వేసి, పొడి చల్లే కుప్పలో రెండడుగుల లోతున పెట్టండి. అలాంటిదే మరో సంచిని పొడి చల్లని కుప్పలో అంతే లోతున పెట్టండి. ఈ రెండో సంచి లేకపోతే పరీక్షకు అర్థం లేదు, ఎందుకంటే మట్టి అంటుకుని బరువు పెరగడం, కారిపోయి తగ్గడం రెండూ జరుగుతాయి. సంచులను సంస్థవారి ఎదుటే కుట్టించి, మునిసిపల్ ఇంజనీరు ముద్ర వేయించండి. 90 రోజుల తరువాత తీసి, అదే సబ్బునీటితో మెత్తటి బ్రష్షుతో రుద్ది కడిగి, ఆరబెట్టి, అదే త్రాసుపై తూచండి.

సంస్థవారి మాట ప్రకారం ఆరు నెలల్లో అంతా పోవాలి కనుక, 90 రోజులకు దాదాపు సగం బరువు తగ్గాలి. అంత ఆశ పెట్టుకోనక్కర్లేదు. ఎండ పడిన పాలిథీన్‌పై ఆ సముద్రపు బూజు ప్రయోగశాలలో చూపిన వేగమైనా ఉంటే 4.5 శాతం, అంటే 0.4 గ్రాములు తగ్గాలి. ఆ తేడాను పట్టుకోవడానికి నగల త్రాసు చాలు. చెల్లింపును రెండు సంచుల తూకంలోని తేడాకు ముడిపెడుతున్నట్లు ఒప్పంద పత్రంలోనే రాయించండి. అదే ప్యాకెట్ల నుంచి కత్తిరించిన మరో 20 ముక్కలను కవరులో పెట్టి, సీలు వేసి, కార్యాలయం బీరువాలో భద్రపరచండి. తరువాత ‘మీరు వేరే రకం ప్లాస్టిక్ పెట్టారు’ అని ఎవరైనా అంటే తీసి చూపించడానికి పనికొస్తాయి.